రాత్రి లెక్కలకు ఏ కార్డు?

పెండ్లి ఫోటోలు, ఇంటిపేర్ల కథల నడుమ గ్రాఫిక్స్ కార్డు మాట ఏమిటికి అంటారేమో. మా అవ్వను తలచుకొని కొన్నది కాబట్టి ఇక్కడే రాస్తున్నా.

కోలారులో అవ్వ అరవై ఏండ్లు అంగడికి పోయినా, బస్సెక్కినా కన్నడమే మాట్లాడింది. ఆల్జైమర్స్ వచ్చినాక మొదట పోయింది ఆ కన్నడమే. పక్కింటివాళ్ళు పలకరిస్తే బిత్తరపోయి చూసేది. వాళ్ళు దాన్ని ‘అరళు మరళు’ అనేవాళ్ళు, మేము మతిమరుపు అనేవాళ్ళం. తెలుగు మాత్రం చివరిదాకా ఉండింది. నేను చదివింది కన్నడ మీడియం. ఆమెతో మాట్లాడీ మాట్లాడీ నా తెలుగు గట్టిపడింది.

ఫోల్డింగ్ ఎట్ హోమ్ అని ఒకటుంది, 2000లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైంది. ప్రొటీన్లు ఎట్ల మడత పడతాయి, ఎక్కడ తప్పుగా పడతాయి అనే లెక్కలను ముక్కలు చేసి లోకమంతా ఇండ్లలోని కంప్యూటర్లకు పంచుతారు. ఏ జబ్బు లెక్కలు ముందు కావాలో మనమే చెప్పొచ్చు. ఆ పట్టీలో ఆల్జైమర్స్ ఉంది. రేపే మందు వస్తుందని కాదు.

బెంగళూరు ఎస్పీ రోడ్డులో అంగడాయన మొదట అడిగింది ‘యావ గేమ్ ఆడ్తీరా?’ అని. ఆటలకైతే 12 జీబీ మెమరీ ఉన్న 3060 మేలంటాడు. ఈ పనికి 8 జీబీ చాలు. ఇక్కడ చూడవలసింది వేగం, కరెంటు. ప్రతి ముక్కకూ గడువుంటుంది. అది దాటితే అదే ముక్క ఇంకొకరికి పోతుంది. రాత్రి మాత్రమే నడిపేవాళ్ళకు మరీ పాత కార్డు పనికిరాదు. 2022 సెప్టెంబరులో ఈథీరియం మైనింగ్ ఆగినాక వాడేసిన కార్డులు చవగ్గా వచ్చినాయి గానీ, వారంటీ లేనిది నాకు ఇష్టం లేదు. టెస్టరు బుద్ధి!

ప్రాజెక్టును బట్టి కూడా మారుతుంది. మిల్కీవే ఎట్ హోమ్‌కు డబుల్ ప్రెసిషన్ కావాలి. 2012లో అమ్మకానికొచ్చిన రేడియాన్ 7970 అందులో దాదాపు 0.95 టెరాఫ్లాప్ చేస్తుంది, 3060 చేసేది 0.2 మాత్రమే. కొత్తదే మేలని లేదన్నమాట. ఆ ప్రాజెక్టు 2023లో గ్రాఫిక్స్ కార్డు పని ఆపేసింది, అది వేరే సంగతి.

అసలు చిక్కు గృహజ్యోతి. కర్ణాటకవాళ్ళకు తెలిసిందే: మన కోటా దాటితే పైవాటికి కట్టాలి, 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు మనదే. మా ఇంటి వాడకం నెలకు 140. బిల్లు నాయన పేరు మీద ఉంది, ఆయనకు పింఛనే ఆధారం. 3060 తీసుకునేది 170 వాట్లు, మిగతా కంప్యూటరుకు ఇంకో 55. రాత్రికి పది గంటలంటే నెలకు 67 యూనిట్లు, మొత్తం 207. 4060 అయితే 115 వాట్లే. నెలకు 51, మొత్తం 191. అంగడాయన ఎంత చెప్పినా నేను 4060 తెచ్చింది ఈ 16 యూనిట్ల కోసం. కోటా పైన పడే డబ్బు నేనే ఇస్తా. పవర్ లిమిట్ రవంత తగ్గిస్తే ఇంకా మిగులుతుంది, వేగం అంతగా పడిపోదు.

‘ఏమిరా అది, రాతిరంతా బుస్సుమంటా ఉండాది?’ అని నాయన మొదట్లో విసుక్కున్నాడు. అవ్వ జబ్బు లెక్కలని చెప్పినాక ఏమీ అనలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్లు ఆగవు కాబట్టి ఆపేస్తాను. మిగతా దినాల్లో మీటరు ఆయనే చూస్తాడు. పోయిన నెల 24వ తేదీన మెట్ల మీద నుంచే అరిచినాడు: ‘170 అయిందిరా, రెండు దినాలు ఆపి మళ్ళీ పెట్టు!’