ఆటపెట్టెలో టీవీ

విదేశమున కాపురముండి సెలవులకు స్వదేశమునకు బయలుదేరు మావంటివారికి, టికెట్టు కొనుటకంటెను, బంధువులు వాట్సాప్‌లో పంపు జాబితాను రెండు పెట్టెలలో ఇముడ్చుట దుష్కరమైన కార్యము. డాలస్ నుండి హైదరాబాదులోని కొత్తపేటకు పోవు నా ప్రయాణమునకు ఈమారు మేనల్లుడు చేర్చిన కోరిక, మా యింట మూలబడియున్న తొలినాటి ఎక్స్‌బాక్స్ వన్. "మామా, దాంట్ల గేమ్సే గాదు, టీవీ గూడ వస్తది. అమ్మమ్మకు గూడ పనికొస్తది" అని వాని వాదము, ఒక్క డబ్బాతో రెండు పనులు తీరునన్న మాట మా బావగారికిని నచ్చినది.

వాడు చెప్పినది అబద్ధము కాదు. 2013 మే నెలలో మైక్రోసాఫ్ట్ వారు ఈ యంత్రమును లోకమునకు చూపినపుడు, ఆటలను వెనుకకు నెట్టి టీవీనే ఘనముగ పొగడిరి. కేబుల్ పెట్టె నుండి వచ్చు హెచ్‌డీఎంఐ తీగను దీని వెనుక గుచ్చి, దీనినుండి మరియొక తీగను టీవీకి కలిపినచో, వన్‌గైడ్ అను పట్టికలో ఛానళ్లన్నియు వరుసగ కానవచ్చెడివి. కినెక్ట్ అను కెమెరా పరారుణ కిరణములను ప్రసరింపజేసి, రిమోట్ చేయు పనిని తానే చేయును. ఆట ఆడుచునే తెర ప్రక్కభాగమున మ్యాచ్ చూచు సౌఖ్యమును మా పిల్లలు కొంతకాలము మనసార అనుభవించిరి. అమెరికాలో నాడు దీని వెల 499 డాలర్లు. ఆటలనే నమ్ముకొన్న ప్లేస్టేషన్ 4 వెల 399.

అయితే డాలస్‌లో సాగినది కొత్తపేటలో సాగునా? విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషనుకు వెనుకవీథిలో మా యిల్లు. 2013 మార్చి 31 గడువుగా హైదరాబాదు కేబుల్ ప్రసారములు డిజిటల్ అయిన నాటినుండియు మా అమ్మ టీవీకి సెట్‌టాప్ బాక్సే ఆధారము. ప్లాస్టిక్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు బిగించిన రిమోట్‌ను చేతబట్టి, అంకెలు చెరిగిపోయిన బటన్లను వ్రేళ్ల వాడుకతోనే నొక్కి, రాత్రి తొమ్మిది గంటలకు ఈటీవీ వార్తలను ఆమె తప్పక చూచును. ఆటయంత్రము ఆన్‌లో లేనిదే దాని గుండా టీవీ రాదు. మనుమడు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ క్లాసునందున్న వేళ, దానిని మేల్కొలిపి ఇంగ్లీషు తెరలు దాటి వార్తలను చేరుట ఆమెకు వృథాశ్రమ.

ఇది చాలదన్నట్లు విద్యుత్తు చిక్కొకటి కలదు. అమెరికాలో అమ్మిన ఆ తొలి యంత్రమునకు ఇటుకంత పవర్ అడాప్టరు వేరుగ వచ్చును. దానిపై 100 నుండి 127 వోల్టులని ముద్రించియున్నది, మన గోడ ప్లగ్గులో వచ్చునది 230 వోల్టులు. కావున ట్రాన్స్‌ఫార్మరో, మన దేశమునకు తగిన అడాప్టరో కొనక తప్పదు. మరియు మన ప్రసారములు 50 హెర్ట్‌జ్ లెక్కన వచ్చుచుండగా, ఈ యంత్రము 60 లెక్కన తెరకు పంపును. ఆ పొసగమి వలన క్రికెట్ బంతియు, తెర అడుగున పరుగెత్తు వార్తల వరుసయు తడబడుచు సాగును. ఐరోపాలో ఈ ఫిర్యాదులు వచ్చిన పిదప, 2014లో 50కి మార్చుకొను వీలు కల్పించిరి. కాని ఆ సెట్టింగును వెదకి మార్చవలసిన భారము మరల కొన్నవానిదే.

ఆటయంత్రముతోనే టీవీ చూపించు ఆశను తయారుదారులే వదలుకొనిరి. నింటెండో వారు వీ యూ యంత్రమున 2012 డిసెంబరులో అమెరికాలో ప్రారంభించిన టీవీ సేవ 2015 ఆగస్టులో ముగిసినది. సోనీవారి ప్లేస్టేషన్ వ్యూ 2015 మార్చిలో పుట్టి 2020 జనవరిలో మూతపడినది. ఆ సంవత్సరమే నవంబరులో వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో కేబుల్ పెట్టెను గుచ్చు రంధ్రమే లేదు. స్మార్ట్ టీవీలును, చౌకైన స్టిక్కులును ఆ పనిని ఇంతకంటె సులభముగ చేయుచుండగా, ఆటయంత్రము నడుమ నిలుచుట అనావశ్యకమని వారికిని బోధపడియుండును.

కనుక నా తీర్పు ఇది: పిల్లలు ఆడుకొనుటకైతే నిస్సంశయముగ కొనుడు, టీవీ కొరకని ఒక్క రూపాయి కూడ అదనముగ వెచ్చింపకుడు. అమెరికాలో పాతబడిన యంత్రమును ఆప్యాయతతో మోసికొని పోదలచిన ప్రవాస సోదరులారా, పెట్టెలో సర్దుటకు ముందు అడాప్టరుపై ముద్రించిన వోల్టుల అంకెను ఒకమారు చదువుడు.