ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం

నంద్యాల నుంచి అహోబిలం వెళ్లేవాళ్లు ఆళ్లగడ్డలో పెద్దరోడ్డు వదిలి నల్లమల వైపు తిరుగుతారు. అక్కడి నుంచి దిగువ అహోబిలం సుమారు 25 కిలోమీటర్లు. బస్సు మారే హడావుడిలో గమనించం గానీ ఆళ్లగడ్డ శిల్పుల ఊరు. ఇక్కడి రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఓ గంట ఆగి ఆ పని చూసి కొండకెళ్తే, గుడి మరోలా కనిపిస్తుంది.

ఏ చేతిపనికైనా మొదట్లో తిప్పలు తప్పవు. స్క్రీన్ ప్రింటింగ్ నేర్చుకునేవాళ్లకు రంగు అలుక్కుపోతుంది, అంచులు చెదురుతాయి. అయితేనేం, ఇంకో గుడ్డముక్క తీసుకోవచ్చు. తెర కడిగి మళ్లీ పూత పూయొచ్చు. రాతితో ఆ వీలు లేదు. ఊడిన ముక్కు మళ్లీ రాదు.

ఉలి నిలువుగా పెడితే లోతుగా దిగుతుంది, మరీ వాలిస్తే జారుతుంది. చూపు సుత్తి మీదుంటే దెబ్బ వేలి మీద పడుతుంది. రాయి మీద గీసుకున్న బొమ్మ నాలుగు దెబ్బలకే ఎగిరిపోతుంది, మళ్లీ గీసుకోవాలి. ఆపైన కొలతలు. ముఖం పొడవు ఒక తాళం, అందులో 12 అంగుళాలు. తిరుపతిలోని టీటీడీ శిల్ప కళాశాలలో డిప్లొమాకే నాలుగేళ్లు పడుతుంది.

ఇప్పుడు మొరటు పనంతా కట్టర్లు, గ్రైండర్లు చేసేస్తున్నాయి. శ్రమ తగ్గింది. కానీ ఎక్కడ ఆపాలో చేతికి తెలిసేది ఆ మొరటు పనిలోనే. పైగా యంత్రం లేపే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్. దాన్ని నయంచేసే మందు లేదు. నీళ్లు చల్లుతూ కోయడం, మాస్కు కట్టుకోవడం కొత్తవాళ్లకు ఉలి పట్టడంతో పాటే నేర్పాల్సిన పాఠాలు.

ఇక దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుడి గుడికి రండి. శ్రీకృష్ణదేవరాయలు కానుకలిచ్చిన గుడి. మండపం స్తంభాల మీద నరసింహుడు, చెంచులక్ష్మి. దండం పెట్టుకున్నాక ఒక్క నిమిషం ఆగి, దేవుడి చేతికీ ఒంటికీ మధ్య ఉన్న ఖాళీ చూడండి. అక్కడ ఒక్క దెబ్బ ఎక్కువ పడినా చెయ్యి ఊడిపోయేది. ఆ దెబ్బ వేయకుండా ఆగడానికి ఎవరో ఏళ్ల తరబడి నేర్చుకున్నారు.

ఎగువ అహోబిలం ఇక్కడికి 8 కిలోమీటర్లు. ఎండ ముదరకముందే బయల్దేరండి.