కుడిచెయ్యి పని

స్కూటర్ మీంచి పడి వచ్చినవాళ్లని నొప్పి ఎక్కడో అడిగాక, వెంటనే ఇంకో మాట అడుగుతాను: "ఏ చేత్తో బ్రేక్ పట్టారు?" ఎముకల డాక్టరుకి ఈ ఆరా ఎందుకని కొందరు వింతగా చూస్తారు. ఎముక విరిగిన తీరు చూస్తే బండి ఎలా పడిందో సగం తెలుస్తుంది. మిగతా సగం వాళ్ల జవాబులో ఉంటుంది. చాలామంది చెప్పేది ఎడమచెయ్యి అనే.

తొలకరి వాన పడిన సాయంత్రం ఒక స్కూల్ టీచరుగారిని తీసుకొచ్చారు. ముందు పోతున్న ఆటో ఎవరో చెయ్యెత్తేసరికి టక్కున ఆగింది. ఈవిడ ఎడమ లివరు బలంకొద్దీ నొక్కేశారు. పాత బండి కావడంతో ఆ లివరుకి వెనక బ్రేకొక్కటే ఉంది. వెనక చక్రం బిగుసుకుపోయి పక్కకి జారింది. పడబోతూ చాచిన చేతిమీద ఒంటి బరువంతా పడి మణికట్టు పైన ఎముక విరిగింది. అరచేతిలో దిగబడిన కంకర రవ్వల్ని ఒక్కొక్కటే తీస్తూ, కుడిచేతి బ్రేక్ వాడరా అని అడిగాను. "అమ్మో! అది పడితే ముక్కుమీద పడతామట కదండీ. బండి నేర్పేటప్పుడే మావారు దాని జోలికి పోవద్దన్నారు."

ఈ మాట ఎన్ని ఇళ్లలో చెప్పుకుంటారో! బండి వేగం తగ్గుతుంటే బరువు ముందుకొస్తుంది. ముందు టైరు రోడ్డుని గట్టిగా పట్టుకుంటుంది, వెనక టైరు తేలికైపోతుంది. కాబట్టి బండిని ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. వెనకది ఒక్కటే వాడితే బండి ఆగడానికి రెట్టింపుకు దగ్గరగా దూరం పట్టవచ్చు. నలభైలో పోయే బండి సెకనుకి 11 మీటర్లు పోతుంది. కన్ను చూసి చెయ్యి కదిలేసరికే ఆ సెకను అయిపోతుంది. వేగం రెట్టింపైతే బ్రేక్ పట్టాక పోయే దూరం నాలుగు రెట్లవుతుంది.

అలాగని ఆ భయం ఊరికే పుట్టలేదు. ముందు బ్రేకుతో పడి వచ్చినవాళ్లనీ చూశాను. ఒక కాలేజీ కుర్రాడు మలుపులో, ఇసుక మీద, హ్యాండిల్ తిప్పి ఉండగానే డిస్క్ బ్రేక్ ఒక్కసారిగా పట్టేశాడు. భుజం నేలకి కొట్టుకుని కాలర్ బోన్ విరిగింది. అక్కడ తప్పు బ్రేకుది కాదు, పట్టిన చోటుది, పట్టిన తీరుది. హ్యాండిల్ తిన్నగా ఉండాలి. ముందు యాక్సిలరేటర్ పూర్తిగా వదిలెయ్యాలి. కంగారులో లివరు అందుకోబోయి అదే చేత్తో రైజ్ చేసేవాళ్లు ఎందరో. ఆ తర్వాత రెండు లివర్లూ కలిపి, మేము సిరంజి నొక్కినట్టు, కుదుపు లేకుండా బలం పెంచుతూ పోవాలి. చూపు అడ్డొచ్చినదాని మీద కాదు, తప్పించుకునే ఖాళీ మీద ఉండాలి. కాళ్లు ఫుట్‌బోర్డు మీదే ఉండాలి. బండి పూర్తిగా ఆగకముందే కాలు కిందపెట్టి చీలమండ విరగ్గొట్టుకున్నవాళ్లకి ఆపరేషన్లు చేస్తూనే ఉన్నాం. ఇదంతా ప్రమాదం ముంచుకొచ్చిన క్షణంలో నేర్చుకునేది కాదు. ఆదివారం పొద్దున ఖాళీ గ్రౌండులో ఇరవై వేగంతో మొదలుపెట్టి పదిసార్లు ఆపి చూస్తే చేతికి అలవాటవుతుంది.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకూ కొత్త బళ్లకి కాంబీ బ్రేకు గానీ ఏబీఎస్ గానీ ఉండాలన్నారు. కాంబీ ఉంటే ఎడమ లివరు నొక్కినా ముందు చక్రానికి కొంత బ్రేక్ పడుతుంది. మంచిదే, అయినా కుడి లివరుతో పని తీరిపోదు. ఇక డ్రమ్ బ్రేకుల్లో షూలు అరిగేకొద్దీ లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. పొట్టి వేళ్లున్నవాళ్లకి అప్పుడు పట్టు దొరకదు. మెకానిక్ నట్టు రెండు చుట్లు తిప్పితే సరిపోయే పనిని నెలల తరబడి వాయిదా వేస్తారు. టైర్లలో గాలి సంగతీ అంతే.

టీచరుగారికి పిండికట్టు ఆరువారాలకి విప్పాం. బండి ఎప్పుడు నడపొచ్చని అడిగారు. స్టాండు వేసిన బండి మీద కూర్చుని రెండు లివర్లూ నొప్పి లేకుండా పూర్తిగా నొక్కగలిగినప్పుడు అన్నాను. అప్పుడు ఆవిడ అసలు సంగతి చెప్పారు. మూడేళ్ల బాబుని ముందు నిలబెట్టుకుని వెళ్తారట. "ముందు బ్రేక్ పడితే వాడి మూతి మీటరుకి కొట్టుకుంటుందండీ." తల్లి భయం అది. దానికి జవాబు ముందు బ్రేక్ మానెయ్యడం కాదు. నాలుగేళ్లలోపు పిల్లల్ని నడిపేవాళ్లకి కట్టే బెల్టు, పిల్లల హెల్మెట్, నలభై దాటని వేగం ఉండాలని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. అలాంటి బెల్టు కొని, బాబుని వెనక కూర్చోబెట్టి తనకి కట్టుకోమన్నాను. వాడు వీపుకి ఆనుకుని ఉంటే కుడిచెయ్యి జంకకుండా లివరు పట్టుకుంటుంది.