వరస కలిసిన చోట

తెలుగు ఇళ్లలో గుమ్మం దాటి వచ్చిన కొత్త మనిషి ఎంతోసేపు కొత్తగా ఉండడు. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఇంటిపేరేమిటి అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికేసరికి అతడు అన్నో, తమ్ముడో, బాబాయో అయిపోతాడు. వరస తేలని మనిషితో మాట సాగించడం ఈ సమాజానికి అలవాటు లేని పని. తెల్లచొక్కా మీద నల్లని పేరుబిళ్ల పెట్టుకొని, ఇద్దరిద్దరుగా నడిచే మోర్మన్ మిషనరీలు ఈ అలవాటుకు ఎదురు నడిచేవారిలా కనిపిస్తారు, ఎందుకంటే ఆ బిళ్ల మీద ఇంటిపేరే గాని పెట్టిన పేరు ఉండదు, దానికి ముందు యువకులైతే ‘ఎల్డర్’ అనీ యువతులైతే ‘సిస్టర్’ అనీ ఉంటుంది. ఎల్డర్ అంటే పెద్ద అని అర్థం. మీసం కూడా సరిగా రాని కుర్రవాణ్ణి పెద్దా అని పిలవవలసిరావడం ఏ అమ్మమ్మకైనా నవ్వు తెప్పించే విషయమే. అయినా వారి సేవ ఫలించిందా లేదా అన్నది చాలావరకు ఆ అమ్మమ్మ నవ్వి ఊరుకుందా, లేక ‘నాయనా’ అని పిలిచి కూర్చోబెట్టిందా అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

లోకం మోర్మన్ల సంఘమని పిలిచే ఈ క్రైస్తవ శాఖను 1830 ఏప్రిల్ 6న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించాడు. బైబిలుతో పాటు మోర్మన్ గ్రంథమనే మరొక పుస్తకాన్ని కూడా పవిత్ర లేఖనంగా స్వీకరించడం వల్ల ఆ పేరు వచ్చింది గాని, తమను పూర్తి పేరుతోనే పిలవాలని సంఘం 2018లో గట్టిగా కోరింది. ఆ పేరు తెలుగులో ‘యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము’. 18 ఏళ్లు నిండిన యువకులు రెండేళ్లు, యువతులు ఏడాదిన్నర, జీతం లేకుండా, పిలుపు లేఖలో రాసి ఉన్న చోటికి వెళ్లి సేవచేస్తారు. చోటును ఎంచుకునే వీలు లేదు, వెంట ఉండే సహచరుణ్ణి ఎంచుకునే వీలూ లేదు. సుమారు ఆరు వారాలకొకసారి బదిలీల లెక్క తేలుతుంది; ఒక వీధిలో పిల్లల పేర్లు నోటికి వచ్చే సమయానికి మరో ఊరికి పెట్టె సర్దుకోవలసిరావచ్చు. పరిచయాల మీద బతికే సేవను ఇలా నిరంతరం పరిచయాలు తెంపే పద్ధతిలో నడపడం వింతగానే ఉంటుంది.

హైదరాబాదు ప్రాంతపు యువతీయువకులకు ఈ సేవ మొదలయ్యేదీ ముగిసేదీ చాలాసార్లు శంషాబాదు విమానాశ్రయంలోనే. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమాన రాకపోకలు ఇక్కడికి మారిన నాటి నుంచి, దాదాపు 5,500 ఎకరాల ఈ ప్రాంగణం తెలంగాణకంతటికీ వీడ్కోలు వాకిలిగా మారింది. గల్ఫుకు వెళ్లే కూలీ, అమెరికాకు వెళ్లే విద్యార్థి, వారి వెంట అద్దె బండి నిండా వచ్చిన బంధుబలగం, టికెట్ లేనివారిని లోపలికి రానివ్వరు గనుక గాజు తలుపుల బయటే కార్చే కన్నీళ్లు — ఇదంతా ఇక్కడ నిత్యకృత్యం. ఆ గుంపులో ఒక మిషనరీ కుటుంబం ఉంటే దాన్ని వేరుగా గుర్తుపట్టడం కష్టం. విమానాశ్రయం చుట్టుపక్కల నేలకూ మతాల రాకపోకలు కొత్త కావు: అమ్మపల్లిలో పాత సీతారాముల గుడి, కొత్తూరు వైపు జహంగీర్ పీర్ దర్గా, ముచ్చింతలలో 2022లో ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజ విగ్రహం ఉండగా, కేరళ మూలాలున్న సిరో మలబార్ క్యాథలిక్ సంఘం 2017లో ఏర్పరచిన ఒక మేత్రాసనం, అంటే బిషప్ ఏలుబడిలోని ప్రాంతం, శంషాబాదు పేరునే పెట్టుకొని మొదట్లో దేశంలోని విశాల భూభాగాన్ని తన కిందికి తెచ్చుకుంది. కొండంత విగ్రహాలకూ దేశమంత మేత్రాసనాలకూ నడుమ ఇద్దరు కుర్రవాళ్ల పేరుబిళ్లలు కంటికి ఆనవు.

పరిచయం లేని ప్రచారం ఎలా ఉంటుందో ఈ సంఘానికి తొలి రోజుల్లోనే తెలిసింది. 1853లో అమెరికా నుంచి ఓడలో కలకత్తా చేరిన మిషనరీలలో రిచర్డ్ బాలంటైన్, రాబర్ట్ స్కెల్టన్ మద్రాసుకు వచ్చారు. కోస్తా, దత్త మండలాల తెలుగు జిల్లాలకు అప్పట్లో అదే రాజధాని. వారు చేసిన బోధ ఎక్కువగా ఇంగ్లీషులో, ఇంగ్లీషువారికే సాగింది, దేశభాషలవారి ఇళ్లలోకి చేరలేదు. కరపత్రాలు వేసినా, వాదాలు చేసినా మరుసటి ఏడాదే బాలంటైన్ ఓడ ఎక్కవలసివచ్చింది. ఇదే బాలంటైన్ 1849లో సాల్ట్ లేక్ లోయలో తన సొంత ఇంట్లో పిల్లలను కూర్చోబెట్టుకొని ఆదివారపు బడి మొదలుపెట్టినవాడు. ఆ బడి నిలిచి పెరిగింది. ఇల్లు ఉన్నచోట కుదిరిన పని ఇల్లు లేనిచోట కుదరకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆ తరువాత నూట పాతికేళ్లకు హైదరాబాదులో జరిగినది ఇందుకు పూర్తిగా భిన్నం. సమోవా ద్వీపాలలో ఉద్యోగం చేస్తూ అక్కడే ఈ సంఘంలో చేరిన కీటక శాస్త్రవేత్త ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ 1978 డిసెంబరులో మిషనరీలుగా స్వస్థలానికి వచ్చి బాప్తిస్మమిచ్చిన 22 మందిలో దాదాపు అందరూ వారి బంధువులే. అల్లుడూ కూతురూ దూరదేశం నుంచి వస్తే చుట్టాలంతా చేరడం తెలుగువారికి సహజం, ఆ చేరికలోనే మాట కదిలింది. తెలుగులో మోర్మన్ గ్రంథ భాగాలు 1982లో అచ్చయ్యాయి. 2012 మే 27న హైదరాబాదులో దేశంలోని మొట్టమొదటి ‘స్టేకు’ ఏర్పడింది. స్టేకు అంటే గుడారపు మేకు. దైవసంఘాన్ని గుడారంగా ఊహించిన యెషయా ప్రవక్త మాట నుంచి తీసుకున్న ఆ పదం అనేక స్థానిక సంఘాల సమూహాన్ని సూచిస్తుంది. మేకు నేలలో దిగాలంటే నేల మెత్తగా ఉండాలి, ఇక్కడ ఆ మెత్తదనం చుట్టరికానిదే.

చుట్టరికపు దారిని తెలుగు నేల మీద మోర్మన్లే మొదట కనిపెట్టారనుకుంటే పొరపాటు. ఒంగోలు బాప్టిస్టు మిషన్ చరిత్రలో మిషనరీ దొర జాన్ క్లౌ పేరు పెద్దదే, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన ఘట్టమూ ప్రసిద్ధమే. అయితే ఆ సంఖ్య వెనుక 1866లోనే క్రైస్తవుడైన ఎర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. తోళ్ల వ్యాపారం మీద ఊరూరా తిరిగే మాదిగ పెద్దకు ప్రతి పల్లెలో ఒక మేనమామో, వియ్యంకుడో ఉంటారు. దొర చెప్పిన మాట దొర మాటగానే మిగిలిపోయేది గాని, పేరయ్య చెప్పినది ఇంటి మాట అయింది. ధర్మరాజు దంపతుల కథనూ పేరయ్య కథనూ పక్కపక్కన పెట్టి చూస్తే వందేళ్ల తేడా, సంఘం తేడా, కులం తేడా ఉన్నా, మాట నడిచిన బాట ఒక్కటే.

చుట్టాలు లేని ఊళ్లో పనిచేసే నేటి యువ మిషనరీకి మాత్రం ఆ బాట లేదు, దాన్ని చిన్న చిన్న పనులతో వేసుకోవలసి ఉంటుంది. అందులో మొదటి గండం చాయ్. 1833లో జోసెఫ్ స్మిత్ ప్రకటించిన ఆరోగ్య నియమం, తెలుగులో ‘జ్ఞాన వాక్యము’, మద్యం, పొగాకులతో పాటు ‘వేడి పానీయాల’ను కూడా నిషేధిస్తుంది, ఆ మాటకు సంఘం చెప్పే అర్థం టీ, కాఫీ. ఇరానీ చాయ్ పేరు చెప్పుకొని బతికే నగరంలో, గడపలోకి అడుగుపెట్టగానే ‘చాయ్ తాగుతరా’ అని కాక ‘చాయ్ పెడుతున్న’ అని అనే ఇళ్లలో, దాన్ని వద్దనడం అతిథి చేయగల పనుల్లో అతి కఠినమైనది, ఎందుకంటే వద్దన్నది పానీయాన్ని అయినా తిరస్కరించినట్టు అనిపించేది ఇంటివారిని. ఇక్కడ నియమం వివరించబోయినవాడు ఓడిపోతాడు. ‘మంచినీళ్లు చాలమ్మా, ఎండన పడి వచ్చాం’ అన్నవాడికి మాత్రం నీళ్ల వెనకే మజ్జిగ వస్తుంది, మజ్జిగ తరువాత మాటలు వస్తాయి. నెలలో మొదటి ఆదివారం ఈ సంఘస్థులు రెండు పూటలు ఉపవాసముండి ఆ భోజనపు ఖర్చును పేదలకు ఇస్తారని తెలిసినప్పుడు, శనివారాలు ఒంటిపూట ఉండే ఇల్లాలికి గాని, రంజాన్ రోజా పట్టే పక్కింటి పెద్దాయనకు గాని ఇక విడమరచి చెప్పవలసినది ఏమీ ఉండదు.

ఈ పరిచయాలకు ఒక అనుమానపు నీడ కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. మతమార్పిడి కోసం పెంచుకున్న స్నేహం స్నేహమేనా అన్న ప్రశ్న ఈ దేశంలో బలంగా వినిపిస్తుంది. రాజ్యాంగపు 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చినా, ఆ హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు ఇమిడి లేదని స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పింది. ప్రశ్న సంఘం లోపలి నుంచి కూడా వచ్చిందనవచ్చు: సభ్యుల ఇళ్లకు నెలకొకసారి వెళ్లి, వెళ్లినట్టు లెక్క అప్పజెప్పే పాత పద్ధతిని 2018 ఏప్రిల్‌లో ఎత్తివేసి, లెక్క లేని ‘పరిచర్య’ను ప్రవేశపెట్టడంలో, సంఖ్య కోసం తట్టిన తలుపుకూ మనిషి కోసం తట్టిన తలుపుకూ తేడా ఉందన్న ఒప్పుదల కనిపిస్తుంది. సంఘంలో చేరే ఉద్దేశం ఎన్నడూ లేని ఇంటివారు కూడా బదిలీ అయిన కుర్రవాడి క్షేమం అడుగుతున్నారంటే, ఆ పరిచయం మీద వేలు చూపించడం ఎంతటి అనుమానపరులకైనా సులభం కాదు.

2019 నుంచి మిషనరీలు వారానికొకసారి ఇంటికి ఫోను చేసి మాట్లాడవచ్చు. అంతకుముందు సాధారణంగా ఏడాదికి రెండే ఫోనులు, మిగతాదంతా ఉత్తరాలూ ఈమెయిళ్లే. అందువల్ల ఇప్పుడు శంషాబాదులో దిగే యువకుడు ఇంటివారికి మరీ కొత్తగా కనిపించడు. సేవ పూర్తయినా, స్టేకు అధ్యక్షుడు విడుదల చేసేవరకు అతడు నియమం ప్రకారం ఎల్డరే, బిళ్ల ఇంకా చొక్కా మీదే ఉంటుంది. తలుపుల బయట కాచుకుని ఉన్న తల్లి మాత్రం రెండేళ్లుగా ఫోనులో తప్ప ఎవరూ నోట పలకని ఇంట్లో పేరుతో అతణ్ణి కేకేస్తుంది. జేబులో ఫోను మోగితే, సేవచేసిన ఊరి నుంచి ఎవరో పెద్దావిడ, నాయనా, చేరావా అని అడుగుతూ ఉంటుంది.