లోపలికి రానివ్వాల్సిన మనిషి

డాలస్ శివారులో నేను చూసిన వృద్ధుల సంరక్షణ కేంద్రంలో గుమ్మం దాటగానే సంతకాల రిజిస్టరు, పక్కనే మాస్కుల డబ్బా. నోటీసు బోర్డు మీద వారం పట్టిక: ఒక గడిలో బింగో ఆట, మరో గడిలో ఆదివారం ప్రార్థన. ఒక గదిలో మంచం కమ్మీకి జపమాల చుట్టి ఉంది, దాని పక్కనుంచే ఆక్సిజన్ గొట్టం పోతోంది. రెండూ ఆ మనిషి చేతికందేలా ఉంచారు. కానీ కోవిడ్ మహమ్మారి వచ్చినప్పుడు అమెరికా ప్రభుత్వం ప్రార్థనను బింగో పద్దులోనే వేసింది. 2020 మార్చి 13న ప్రభుత్వ వైద్య బీమా చూసే మెడికేర్, మెడికెయిడ్ సంస్థ ఇలాంటి కేంద్రాల్లో సామూహిక కార్యక్రమాలు ఆపించింది. చివరి ఘడియల్లో ఉన్నవారి దగ్గరికి తప్ప బయటివారిని రానివ్వొద్దంది. ఫాదరైనా పాస్టరైనా పూజారైనా ఈ లెక్కన బయటివాడే. నా దృష్టిలో అతని రాక సంరక్షణలో భాగం.

ఆ కట్టడి ఊరికే పెట్టింది కాదు. వాషింగ్టన్ రాష్ట్రం కర్క్‌లాండ్‌లోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంతో ముడిపడిన కేసులు 2020 మార్చి 18 నాటికే 167. అందులో 101 మంది అక్కడ ఉంటున్నవారు, 50 మంది సిబ్బంది, 16 మంది సందర్శకులు. సందర్శకుల వల్ల ప్రమాదం లేదని ఈ అంకెలు చెప్పవు. అయితే సిబ్బంది ద్వారానూ జబ్బు పాకింది. అయినా వారిని ఆపలేదు, మాస్కులూ గౌన్లూ ఇచ్చి పని చేయించారు. స్నానం చేయించే మనిషికి వర్తించిన ఆ పద్ధతి ప్రార్థన చేయించే మనిషికి ఎందుకు వర్తించకూడదు?

ఫోనులో ప్రార్థిస్తే చాలదా అంటారు. చెవి వినపడని, మతిమరుపు ముదిరిన పెద్దలకు తెర మీది బొమ్మ మనిషి కాదు. క్యాథలిక్కుల తైలాభ్యంగనంలో గురువు రోగి నుదుటికీ చేతులకూ నూనె రాయాలి, అది ఫోనులో జరిగే పని కాదు. గురువుల ప్రాణాల మాటేమిటన్నది ఇంకా బరువైన ప్రశ్న. ఇటలీలోని బెర్గామో డయోసిస్‌లో తొలి అలలోనే 20 మందికి పైగా ఫాదర్లు చనిపోయారు. దీనికి షికాగో క్యాథలిక్ అగ్రపీఠం దారి చూపింది: 60 ఏళ్లలోపు, వేరే జబ్బులు లేని గురువులను ఎంచి, శిక్షణ ఇచ్చి రోగుల దగ్గరికి పంపింది. ఇక మతం పట్టనివారి దగ్గరికి ఎవరూ వెళ్లనక్కర్లేదు. గురువును పిలిపించుకునే హక్కు అడిగినవారికే.

ప్రభుత్వాలూ మెల్లగా ఇటే వచ్చాయి. మెడికేర్, మెడికెయిడ్ సంస్థ 2020 సెప్టెంబరు 17 నాటి మార్గదర్శకాలు మరణశయ్య మీద లేనివారికి కూడా ఓదార్పు సందర్శనలు అనుమతించవచ్చని, మత గురువులూ ఆ పని చేయవచ్చని స్పష్టం చేశాయి. అత్యవసర కాలంలోనూ మత గురువు స్వయంగా వచ్చే వీలుండేలా టెక్సాస్ 2021లో చట్టం చేసింది, రక్షణ నిబంధనలకూ చోటిచ్చింది. కొడుకును ఆపి గురువును పంపడం న్యాయమా అన్న ప్రశ్నకూ అదే ఏడాది నవంబరులో ఆ రాష్ట్ర ఓటర్లు జవాబిచ్చారు: కేంద్రాల్లో ఉంటున్నవారు తమ దగ్గరికి రావలసిన ఒక ఆప్తుడిని ఎంచుకునే హక్కును రాజ్యాంగంలో చేర్చారు.

మన దగ్గర పురోహితుడు ఇంటికొస్తాడు, సంరక్షణ కేంద్రాలకు వెళ్లే ఆనవాయితీ తక్కువ. అందుకే టెక్సాస్‌లోని తెలుగు కుటుంబాలు పెద్దలను ఇలాంటి చోట చేర్చేటప్పుడే, ఎవరు రావాలని వారు కోరుకుంటున్నారో అడిగి కాగితం మీద రాయించాలి. గుళ్లూ చర్చిలూ మసీదులూ శిక్షణ పొందిన నలుగురి పేర్లు సిద్ధంగా ఉంచుకోవాలి. తలుపులు మూసుకున్నాక అడిగితే ఆలస్యమవుతుంది.