పిడికెడు బియ్యము

మనుష్యుఁడు తన్నుఁ గూర్చి తాను చెప్పుకొనెడు మాట యొకటి. లోకము వానినిఁ గూర్చి చెప్పెడు మాట మఱియొకటి. ఈ రెండును గలిసియున్నవాఁడు సుఖి. తెలుఁగు దేశములోని క్రైస్తవునకు, అందును మాలమాదిగ వాడలలోఁ బుట్టిన క్రైస్తవునకు, ఈ సుఖము మిక్కిలి యరుదు. సంఘపు పుస్తకములో వాని కొక పేరు. ప్రభుత్వపు కాగితములో నింకొక పేరు. ఊరివారి నోట మూఁడవ పేరు. నేనును వారిలోనివాఁడనే. కావున క్రైస్తవుఁడన నెవఁడను ప్రశ్న నాకుఁ బండితుల వాదము కాదు, ఇంటి ప్రశ్న.

ముందుగా నూరివారి మాటను విచారింతము. "వీరు కూటికొఱకు మతము మాఱినవారు" అని మమ్ముఁ గూర్చి యనుట పరిపాటి. ఈ నిందకు మూలము మా యొంగోలు సీమ చరిత్రలో నున్నది. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును ధాత కరవు పీడించెను. అప్పు డొంగోలులో నమెరికను బాప్టిస్టు మిషనరీగా నుండిన జాన్ క్లౌ దొర, బకింగ్‌హాము కాలువలో నొక భాగమును త్రవ్వించుటకు గుత్త పుచ్చుకొని, తిండిలేని వేలమందికిఁ గూలి కల్పించెను. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి యొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. లోకము ఈ రెండు సంగతులను జోడించి, "వారు అన్నము పెట్టిరి, వీరు మతము పుచ్చుకొనిరి" అని తీర్పు చెప్పును. నడుమనున్న సంగతిని మఱచును. అన్నమునకై చేరిరన్న యపవాదు రాకుండుటకై, కరవు పనులు సాగినంత కాలము, ఏఁడాదికిఁ బైగా, క్లౌ దొర బాప్తిస్మము లిచ్చుట నిలిపివేసెను. కాలువ కూలి ముగిసిన పిమ్మటనే జనులు ఏటిలో దిగిరి. అంతకుఁ బదేండ్లకు ముందే, 1866లో, తోళ్ల బేరము చేయు యెఱ్ఱగుంట్ల పేరయ్య విశ్వసించి, తనవారి వాడలలోఁ దిరిగి చెప్పుచుండెను.

సంఘమునఁ జేరినవారు తీసికొన్న నియమములను గూడఁ జూడుఁడు. చచ్చిన పశువును తినరాదు. జాతరలో డప్పు కొట్టరాదు. ఆదివారము పని చేయరాదు. నేఁ డివి చిన్నవిగాఁ దోఁచును. ఆ దినములలో డప్పు మానుట యనఁగా నూరి పెద్దలతోఁ బగ. ఆదివారము మానుట యనఁగా నాఁటి కూలి పోవుట. డప్పులో దోషము లేదు. వలదనుటకు వీలులేని వెట్టిలోనే దోషమున్నది. కూటికై వచ్చినవారు కూడు పోఁగొట్టు నియమముల నేల చేపట్టుదురు?

ఈ వాదములన్నిటికంటె గట్టి యుత్తరము మా నాయనమ్మ వంటయింట నాకు దొరకినది. ఆమె తాతగారు ఆ కాలువను త్రవ్వినవారిలో నొకరని మా యింటఁ జెప్పుకొందురు. ఆమె కూలినుండి వచ్చి, పొయ్యి రాఁజేసి, ఎసరు పెట్టి, చేటలోని బియ్యమునుండి మొదట నొక పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసెడిది. ఆదివారమున నా కుండను మందిరమునకుఁ గొనిపోయి గంపలోఁ గ్రుమ్మరించెడిది. తెలుఁగు సంఘములలో ననేకమంది స్త్రీలు నడపిన యాచార మిది. ఆ బియ్యము కొంత బోధకుని కుటుంబమునకును, కొంత దిక్కులేని వారికిని పోవును. మా యింట నేడుగురము. చేటలో సోలెఁడు బియ్యమే యున్న దినమునను ఆ పిడికెడు తప్పలేదు. "మనకే చాలదు గదా నాయనమ్మా?" అని యొకసారి యడిగితిని. "మనం తినేవాళ్లమే కాదురా, పెట్టేవాళ్లం గూడా" అని యామె యన్నము వార్చుకొనెను.

బియ్యమునకై మతము మాఱిరని లోకము చెప్పిన వంశములో నొక స్త్రీ దినదినము బియ్యము దానము చేసెను. బీదవానికి లోక మన్నిటికంటె ముందుగా లేకుండఁ జేయునది పెట్టెడు గౌరవము. ఆ గౌరవమును ఆమె యెవ్వరిని నడుగక తన చేటలోనే సంపాదించుకొనెను. ఆమెకుఁ జదువు రాదు. సంఘపు పుస్తకములోఁ దన పేరెట్లు వ్రాసిరో యామె యెఱుఁగదు. తా నెవరో మాత్రము ప్రతి సాయంకాలము నెఱిఁగియుండెను.

ఇఁక ప్రభుత్వపు కాగితము. 1950లో రాష్ట్రపతి యొసఁగిన షెడ్యూల్డు కులముల యుత్తరువు ప్రధానముగ హిందువులకే యా హోదా నిచ్చెను. దానిని 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరింపఁజేసిరి, క్రైస్తవులకుఁ జేయలేదు. ఆంధ్రప్రదేశమున నట్టివారిని వెనుకఁబడిన తరగతుల "సి" వర్గమునఁ జేర్చి, నూటికొక వంతు నిచ్చిరి. బాప్తిస్మముతోఁ గులము పోయినదని కాగితము చెప్పును. అద్దెయింటి గుమ్మమున నడుగు ప్రశ్న మాత్రము పోలేదు. కళాశాల దరఖాస్తు ముందుంచుకొని మా యమ్మాయి, "నాన్నా, మతమను గడిలో నేమి వ్రాయను?" అని యడిగెను. రెండు వ్రాఁతల ఫలములను వివరించి, నిర్ణయము నీదే యంటిని. ఆమె చాలసేపు కలము పట్టుకొని కూర్చుండి, "క్రైస్తవ" అని వ్రాసెను. ఆ యేఁట కోరిన సీటు రాలేదు. మఱుసటి యేఁట నర్సు చదువునఁ జేరినది. నేఁడు రోగుల సేవలో నున్నది. వేఱుగ వ్రాసినవారిని నేను నిందింపను. బిడ్డ బ్రతుకును, బిడ్డ విశ్వాసమును త్రాసులో నెదురెదురుగఁ బెట్టించు నియమమునే నిందింతును.

అయినను మన యిల్లు చక్కఁబెట్టుకొనక వీథిని దూషించుట తగదు. ఆదివారమున నొకే రొట్టెలోఁ బాలు పుచ్చుకొని, సోమవారమునఁ గులము విచారించి సంబంధములు కుదుర్చుకొనువారు మనలో లేరా? కట్నము లెక్కపెట్టి తీసికొని, పెండ్లి ప్రార్థనకు బోధకునిఁ బిలుచువారు లేరా? కొన్ని యూళ్లలో మాలలకొక మందిరము, మాదిగలకొక మందిరము లేదా? స్త్రీలు క్రుమ్మరించిన గంపలో నే పిడికెడు ఏ వాడనుండి వచ్చినదో యెవ్వరును వేఱుచేయలేరు. బియ్యమునకున్న యైకమత్యము మనుష్యుల కేల లేకపోవలెను?

మా తెలుఁగు వేదపుస్తకములో "నిరీక్షణ" యను మాట తఱచుగా వచ్చును. ఆశ యనఁగాఁ గోరుట. నిరీక్షణ యనఁగా నెదురుచూచుట. చేతులు ముడుచుకొని పరలోకమునకై యెదురుచూచుటయే నిరీక్షణ యని కొందఱు తలంతురు. ఱేపటి గింజలకు నమ్మకము లేని యింట నేఁటి గింజలలో నొక పిడికెడు తీసి పెట్టుటకంటె గొప్ప నిరీక్షణను నే నెఱుఁగను. ఱేపు కలదనియు, ఆ ఱేపటిలోఁ దనకంటె నాఁకలిగొన్నవాఁ డుండుననియు, వానికిఁ దాను ఋణపడియున్నాననియు నమ్మినవాఁడే యట్లు చేయఁగలఁడు.

చదువరులారా! ఏ మతమువారైనను మీ పేరును పుస్తకములలో వెదకకుఁడు. కూలి యిచ్చు వేళ, సంబంధము కుదుర్చు వేళ, కులము తెలియని పొరుగువాఁడు తలుపు తట్టు వేళ మీ చేయి యేమి చేయునో చూచుకొనుఁడు. మీరెవరో యది చెప్పును. ఎసరు పొంగకముందే తీయవలసినది తీసి పెట్టుఁడు.