వడి

పరీక్షలో నొక యాంగ్లవాక్యము నిచ్చిరి: పడవను చెట్టునకు "ఫాస్టు" చేసిరని. నేను పడవను వేగముగా చెట్టునొద్దకు నడపిరని వ్రాసితిని. తరగతియంతయు నవ్వెను. "పూడిమడక జాలరిబిడ్డవు, నీకు పడవ కట్టుట తెలియదా?" యని యొకడనెను. మార్కులు పోయినందులకంటె నామాటయే నన్ను బాధించెను. ఏలయన నది నిజము.

ఆ రాత్రి నిఘంటువు తిరగవేసితిని. "ఫాస్టు"నకు మొదటి యర్థము బిగి. ఉతికినను పోని రంగునకును, ఉపవాసమునకును ఆ మాటయే. వేగమను నర్థము పిమ్మట వచ్చినది. "క్విక్కు" మరియు చిత్రము. 1611లో ముద్రితమైన యాంగ్ల బైబిలులో దానికి బ్రదికియున్న యని యర్థము. గోటిక్రింది సుకుమారమైన చర్మమును నేటికిని "క్విక్కు" అందురు. పాదరసము "క్విక్‌సిల్వరు", అనగా ప్రాణమున్న వెండి. "ర్యాపిడు"నకు లాటినుమూలము లాగికొనిపోవుట గనుక ఏటిప్రవాహమునకు చక్కగా నొప్పును. "స్పీడు" పూర్వము కార్యసిద్ధియట!

సెలవులలో నింటికి పోయి తాతకిది యంతయు చెప్పితిని. ఆయన కొబ్బరిపీచుతో త్రాడు పేనుచుండెను. "బిగువుకూ జోరుకూ ఒకే మాటేమిటి తాతా, ఈ ఇంగ్లీషువారికి?" అని నవ్వితిని.

తాత తలయెత్తలేదు. "నీటికి వడుంటాది, తాడుకీ వడుంటాది గదరా బాబూ. వడి లేని తాడు పడవనాపదు" అనెను.

వడి యనగా వేగము. పేనిన పురియు వడియే. పుట్టిననాటినుండి వినుచున్న మాట! నేను నోరు మూసికొంటిని.

తాత త్రాడుకొస నాచేతికిచ్చి గుంజకు కట్టుమనెను. రెండుమారులు జారినది. మూడవమారు నిలిచెను.